గుండీల గదిలో హత్య కేసు

చొక్కాకి గుండీ కుట్టడం రానివాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు. కాకపోతే వాళ్ళెవరూ గుండీలు కుట్టే గదిలో ఉద్యోగం చెయ్యరు. చదువులక్క మాత్రం చేసింది. ఆమె కుట్టిన గుండీ, చొక్కా కొనుక్కున్నవాడు ఇల్లు చేరేలోపే దారిలో రాలిపోతుందని తోటివాళ్ళు అనేవారు. కాస్త జాలిగుండె ఉన్నవాళ్ళు, పాపం దారిలో కాదులే, ఇంటికెళ్ళి విప్పేటప్పుడే రాలుతుందని సర్దిచెప్పేవారు.

ఆ చొక్కాల కంపెనీలో కుట్టుమిషన్లన్నీ కింది అంతస్తులో ఉండేవి. పై అంతస్తులో అంతా చేతిపని. గుండీలు కుట్టేవాళ్ళు ఒక బల్ల దగ్గర, కాలర్లు సరిచేసేవాళ్ళు ఒక బల్ల దగ్గర, దారాలు కత్తిరించి మడతపెట్టేవాళ్ళు కిటికీల పక్కన. చేతులు కదలడమే తప్ప చప్పుడు లేని పని. చప్పుడు లేని చోట ఇంతమంది ఆడవాళ్ళు కూర్చుంటే మొదట కబుర్లు, ఆ తర్వాత కయ్యాలు, చివరికి ఎవరో ఒకరి కన్నీళ్ళు తప్పవని మేస్త్రీ అనుభవం మీద తెలుసుకున్నాడు. అందుకే ఆ గదిలో ఒక పద్ధతి పుట్టింది. ఒక మనిషి ఎత్తు స్టూలు మీద కూర్చుని నవల చదవాలి. ఆమె వాటా చొక్కాలు మిగతావాళ్ళు తలా కాసిని పంచుకుని కుట్టాలి. కథ నడుస్తున్నంతసేపూ ఎవరూ మంచినీళ్ళకని కూడా లేవరు గనక మేస్త్రీ కళ్ళు మూసుకునేవాడు.

చదువులక్క ఆ స్టూలెక్కడం ఆమె గొప్పతనం వల్ల జరగలేదు. కొత్తగా చేరిన రోజుల్లో మేస్త్రీ ఆమె కుట్టిన చొక్కాల కట్ట పట్టుకొచ్చి, "ఇవి గుండీలా అమ్మా, చెవిపోగులా? ఇలా వేలాడుతున్నాయి" అన్నాడు. గదంతా నవ్వింది. ఆమెను ఇంటికి పంపించేసేవాడే. అదృష్టం బాగుండి ఆ పూట చదివే ఆవిడకి గొంతు పట్టేసింది. సరే, పోయేముందు నువ్వు కాసేపు చదివి పో అన్నారు. ఆమె చదివింది. అత్తగారి మాట వచ్చినప్పుడు అత్తగారిలా, పోలీసు మాట వచ్చినప్పుడు పోలీసులా చదివింది. వర్షం వచ్చిన చోట గొంతు తగ్గిస్తే కిటికీ పక్కవాళ్ళు బయటికి చూశారు, ఎండ కాస్తోంది. సాయంత్రానికి ఆమెకు ఉద్యోగం ఖాయమైంది, పేరు కూడా మారిపోయింది. తల్లి వయసున్నవాళ్ళు కూడా చదువులక్కా అనే పిలిచారు.

నిజానికి ఆమెకు ఈ జబ్బు చిన్నప్పటిదే. ఇంటికొచ్చిన ప్రతి పొట్లం విప్పి, సరుకు పక్కన పారబోసి, కాగితం చదివేది. ఆ కాగితాల్లో కథలు ఎప్పుడూ సగమే ఉండేవి. ఒకడు నూతిలోకి దూకబోయేసరికి కాగితం అయిపోయేది. దూకాడో లేదో చెప్పే నాథుడు లేడు. తల్లి వీపు మీద రెండు వేసి పడుకోబెడితే, వాణ్ణి తనే కాసేపు దూకించి, మనసొప్పక పైకి లాగి, అప్పుడు నిద్రపోయేది.

గుండీల గదివాళ్ళు మాత్రం అంత తేలిగ్గా నిద్రపోయే రకం కాదు. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీ. ఖాళీ చెవులకు మించిన న్యాయస్థానం లేదు. ఒకసారి ఒక ప్రేమ నవల చదివింది. ఇద్దరూ అన్ని కష్టాలూ పడి, పెద్దల్ని ఒప్పించి, తీరా పెళ్ళికి బట్టలు కొనుక్కుని వస్తుంటే ఆఖరి పేజీలో లారీ వచ్చి గుద్దేసింది. గదిలో ఒక్కరికీ కన్నీళ్ళు రాలేదు సరికదా, కత్తెరలు ఠపీమని బల్ల మీద పడ్డాయి. లారీకి, వీళ్ళ ప్రేమకి ఏమిటి సంబంధం అని అడిగారు. ఆ రోజునుంచీ కథను ఎలాగోలా వదిలించుకునే రచయితలందరికీ ఆ గదిలో 'లారీ డ్రైవర్లు' అని పేరు. ఇంకోసారి దెయ్యం నవల. వారమంతా అందరూ జట్లుజట్లుగా మెట్లు దిగారు. చివర్లో చూస్తే దెయ్యం లేదు, గాలికి ఊగిన కర్టెనట. మేం నిజంగా భయపడ్డాం, మీ ఆయన మాత్రం ఉత్తుత్తి దెయ్యాన్ని పెట్టాడా అని కాలర్ల బల్ల నిలదీసింది. రచయిత తనకేమీ మొగుడు కాడని చదువులక్క ఎంత మొత్తుకున్నా వినలేదు.

కాలర్ల బల్లకి పెద్దదిక్కు కాలర్ పిన్ని. వయసులో చదువులక్క కంటే కాస్త పెద్దది, నోరు ఇంకా పెద్దది. చదువు వచ్చు, గొంతు బాగుంటుంది, స్టూలు మీద కన్నుంది. ఈ మూడూ ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని వింటుంటే చదవడం ఎంత కష్టమో చదివేవాళ్ళకే తెలుసు. గుండీల బల్ల చివర పెద్దమ్మ ఉండేది. ఆవిడకు అక్షరం ముక్క రాదు, కళ్ళు కూడా అంతంతమాత్రం, కానీ సూదిలో దారం మాత్రం అందరికంటే ముందు ఎక్కించేది. నెలకో మాట మాట్లాడేది.

అలాంటి గదిలోకి ఒక లావుపాటి హత్య నవల వచ్చింది. ఎవరో పాత పుస్తకాల కొట్లో కొని తెచ్చారు. ఒక బంగళా. ఆ ఇంటి యజమాని తన గదిలో, రాసుకునే బల్ల మీద తల వాల్చి చచ్చిపోయి ఉంటాడు. విషం. మందు సీసాలో లేదు, మంచినీళ్ళ కూజాలో లేదు. మరి లోపలికెలా వెళ్ళింది? ఇంట్లో ఒక తాగుబోతు తమ్ముడు, నగలు తప్ప మనుషులు కనపడని రెండో పెళ్ళాం, టీలూ టిఫిన్లూ చూసుకునే అక్కగారు, అప్పులవాళ్ళకి మొహం చాటేసే మేనల్లుడు, ఎప్పుడూ ఏదో దాచే సెక్రటరీ పిల్ల. ఒక డిటెక్టివ్ వచ్చి అందర్నీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి అడుగుతుంటాడు. గదిలో పందాలు మొదలయ్యాయి. గుండీల బల్ల తమ్ముడంది. కిటికీలవాళ్ళు రెండో పెళ్ళామన్నారు. కాలర్ పిన్ని మొదట తమ్ముణ్ణి, తర్వాత పెళ్ళాన్ని వదిలేసి, సెక్రటరీ పిల్ల మీద పడి తిట్టరాని తిట్లన్నీ తిట్టింది.

చదివే మనిషి ముందు పేజీలు తొంగిచూడకూడదని ఆ గదిలో నియమం. చూస్తే గొంతులో తెలిసిపోతుందట. చదువులక్క ఆ నియమం తప్పేది కాదు, ఆమెకూ అందరితోపాటే తెలుసుకోవాలని ఆశ. అదే ఆమె కొంప ముంచింది.

ఆఖరి ఘట్టం వచ్చింది. డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. సూదులు నెమ్మదించాయి. "'ఈ హత్య చేసిన మనిషి ఈ గదిలోనే ఉన్నారు. ఆ మనిషి ఎవరో కాదు...'" అని చదువుతూ చదువులక్క పేజీ తిప్పింది.

పేజీ లేదు. అట్ట ఉంది. అట్టకీ పుస్తకానికీ మధ్య ఎండిపోయిన జిగురు, రెండు దారప్పోగులు ఉన్నాయి. ఆఖరి కాగితాలు ఎవడు చింపాడో, ఏం పొట్లం కట్టాడో! అప్పటికైనా "పేజీలు లేవర్రా" అనేస్తే పోయేది. కానీ ఇన్ని రోజులు విన్నవాళ్ళతో ఆ మాట అనడానికి ఆమెకు ధైర్యం చాలలేదు, నోరు దానంతటదే నడిచింది.

"'...ఎవరో కాదు... ఒక దొంగ. కిటికీలోంచి వచ్చాడు.'"

పెద్దమ్మ ఆ నెల మాట అప్పుడు మాట్లాడింది. "కిటికీలోంచేమిటే? గదిలోనే ఉన్నాడన్నాడుగా ఇప్పుడే."

"వచ్చి, గదిలోనే దాక్కున్నాడు పెద్దమ్మా. బీరువా వెనకాల."

"ఎప్పట్నించీ?"

"హత్య జరిగినప్పట్నించీ."

"అన్నాళ్ళూ వాడికి తిండెవరు పెట్టారే?"

గది భగ్గుమంది. కాలర్ పిన్ని లేచి నిలబడింది. "ఇంతకంటే లారీ నయం. లారీ అయినా రోడ్డు మీద వస్తుంది! దొంగయితే దొంగే, ఆ ముక్క మొదటే చెప్పచ్చుగా? ఆ సెక్రటరీ పిల్లని ఎన్నేసి మాటలన్నాను. ఆ పాపమంతా ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను?"

"రచయిత అలా రాస్తే నేనేం చెయ్యను పిన్నీ?"

"రచయిత రాస్తే నీ గొంతెందుకు వణికింది? నువ్వు మధ్యలో ఏదో మింగేశావ్. ఇక చాలు. రేపట్నించి నేను చదువుతా, నువ్వొచ్చి నా కాలర్లు చూసుకో."

ఎవరూ కాదనలేదు. అదీ చదువులక్కకి తగిలిన దెబ్బ. గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీ తల గోక్కున్నాడు. "ఈవిడకి కాలరిస్తే చొక్కా వెనక్కి తిరుగుతుంది. గుండీలిస్తే నేను కొట్టు కట్టేసుకోవాలి. మీలో మీరు తేల్చుకోండి. స్టూలు లేకపోతే మాత్రం ఈవిడకి ఇక్కడ పని లేదు" అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు, ఉన్న మాట అన్నాడు.

చదువులక్కకి ఏడుపొచ్చింది. ఆ స్టూలు దిగితే తను ఎవరికీ పనికిరాని మనిషినని ఆమెకు తెలుసు. ఇంట్లో వంట అత్తగారిది, లెక్కలు మొగుడివి. లోకంలో తను బాగా చేసే పని అదొక్కటే. అందుకే ఒక అబద్ధాన్ని కప్పిపుచ్చడానికి ఇంకో అబద్ధం ఆడింది. "అయిపోలేదర్రా! ఇంకో అధ్యాయం ఉంది. రేపు చదువుతాను. నచ్చకపోతే నేనే దిగిపోతాను."

ఆలు లేదు చూలు లేదు, అధ్యాయం మాత్రం ఉందనేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు పొయ్యి దగ్గర ఉంది. ఆవిడకు పుస్తకాలు పడవు, సినిమాలంటే ప్రాణం. పక్కింటావిణ్ని వెంటబెట్టుకుని వచ్చిన ప్రతి సినిమాకీ వెళ్ళేది, వచ్చాక పొయ్యి దగ్గర కూర్చుని దానికి శిక్ష వేసేది. ఏడుపు సినిమాల గురించి ఆవిడ మాటే మాట: "ఏడిపించాలంటే ముందు నవ్వించాలే. మొదటి సీను నుంచీ దగ్గుతున్నవాడు చస్తే ఎవరేడుస్తారు? హమ్మయ్య, దగ్గాగింది అనుకుంటాం."

చదువులక్క చేటలో ఉల్లిపాయలు వేసుకుని కూర్చుని జరిగిందంతా చెప్పింది. అందులో ఏడుపెంతో, ఉల్లిపాయలెంతో చెప్పడం కష్టం. చివరికి, "మీరైతే ఎవర్ని పెడతారత్తయ్యా?" అని అడిగింది.

"అది తర్వాత చూద్దాం. ముందు నీ కొత్త దువ్వెన దొరికిందా?"

"దొరకలేదు. ఎదురింటి పిల్లే తీసుంటుంది. మొన్న అద్దం ముందు నిలబడింది. ఇప్పుడదా ముఖ్యం?"

"తియ్యడం చూశావా?"

"చూళ్ళేదు. అనుమానం."

అత్తగారు వెనక్కి తిరిగి గిన్నె మీద మూత తీసింది. ఆవిడ ముడిలో, నిలువుగా, కొత్త దువ్వెన. చదువులక్క చేతిలో ఉల్లిపాయ కత్తిపీట ముందు ఆగిపోయింది.

"అత్తయ్యా!"

"వారం అయింది. రోజూ ఇదే వంటింట్లో నా వెనకాలే తిరుగుతున్నావ్. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఎదురింటి పిల్లని ఎంత తిట్టావే! నా తల వైపు చూశావటే? ముసలిదాని తల ఎవరు చూస్తార్లే. కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"మరెందుకు నవ్వుతున్నావ్?"

"ముందే చూసుండాల్సింది కదా అని."

"అదీ! ఆ రెండూ కలిసి రావాలి. ఒట్టి కోపమే వస్తే కథ చెప్పినవాడు మనల్ని మోసం చేసినట్టు. మనమీద మనకే నవ్వొస్తే కథ చెప్పినట్టు. ప్రేమ కథకైనా అంతే, దెయ్యం కథకైనా అంతే." అని మూత పెట్టేసి, "దువ్వెన మాత్రం ఇవ్వను, నా జుట్టుకి బాగా కుదిరింది" అంది.

చదువులక్క చెయ్యి కడుక్కుని పుస్తకం మొదటినుంచీ తిరగేసింది. ఎవరేం మాట్లాడారో చూడలేదు, ఎవరు గదిలోకొచ్చి మాట్లాడకుండా పోయారో చూసింది. ఆ మనిషి ప్రతి అధ్యాయంలోనూ ఉంది. రచయిత మనసులో ఎవరున్నారో ఆమెకు తెలీదు, బహుశా తాగుబోతు తమ్ముడే అయ్యుంటాడు. అయినా ఇక ఆయనతో పనేముంది, ఆయన కాగితాలు ఆయనే పోగొట్టుకున్నాడు.

మర్నాడు గదిలో ఎవరూ ఆమెను పలకరించలేదు. కాలర్ పిన్ని అప్పటికే గొంతు సవరించుకుని సిద్ధంగా ఉంది. చదువులక్క స్టూలెక్కి, పుస్తకం చివర తెరిచి, పెద్దగా చదివింది.

దొంగ అన్నది డిటెక్టివ్ వేసిన ఎర. ఆ మాట వినగానే హాల్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తమ్ముడు చెమట తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే, ఎప్పటిలాగే, అక్కగారు టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. అందరూ మాట ఆపకుండానే కప్పులు అందుకున్నారు. "'డిటెక్టివ్ మాత్రం అందుకోలేదు. నాకొద్దమ్మా అన్నాడు. మొదటిసారి ఆవిడ మొహం వంక చూశాడు.'"

సూదులన్నీ ఆగిపోయాయి.

పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఆ ఇల్లు నడిపింది ఆవిడే. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళ్తే, యజమాని ఇల్లు అమ్మేస్తున్నట్టు ఎవరితోనో చెబుతున్నాడు. ఆవిడ గదిలోకి వచ్చిందని మాట ఆపలేదు. ఎప్పుడూ ఆపేవాడు కాదు. అక్క ఎక్కడికెళ్తుందని ఎదుటివాడు అడిగితే, ఆ సంగతే ఆలోచించలేదన్నాడు, ఆవిడ చేతిలోంచి కప్పు అందుకుంటూ. విషం టీలోనే వెళ్ళింది. ఖాళీ కప్పు ఎప్పటిలాగే ఆవిడే తీసుకెళ్ళి కడిగేసింది. అందుకే పోలీసులకు ఆ గదిలో ఏమీ దొరకలేదు. ఇదంతా చదువులక్క అక్కగారి గొంతుతో చదివింది. ఇన్ని రోజులూ ఆ పాత్రకి గొంతే లేదని చదువుతున్నప్పుడే ఆమెకు తెలిసింది, తెలిసి కళ్ళు చెమర్చాయి.

"అమ్మో," అంది కిటికీ పక్కనుంచి ఎవరో. "ప్రతిసారీ టీ తెచ్చింది. మనమూ విన్నాం."

"ఆవిడొక్కత్తే మంచిదనుకున్నాగా నేను!" అంది ఇంకొకామె, కోపంగా, నవ్వుతూ.

చదువులక్క పుస్తకం మూసేసింది. గెలిచాననే అనుకుంది. కానీ కాలర్ పిన్ని లేచి తిన్నగా స్టూలు దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు."

ఇవ్వక తప్పలేదు. పిన్ని చివరి పేజీ తెరిచింది. జిగురు చూసింది. దారప్పోగులు చూసింది. తలెత్తి చదువులక్కను చూసింది. కాళ్ళకింద స్టూలు కదిలినట్టయి చదువులక్క బల్ల అంచు పట్టుకుంది. గదంతా పిన్ని నోటి వంకే చూస్తోంది.

పిన్ని గొంతు సవరించుకుని, ఉత్త అట్ట వైపు చూస్తూ చదివింది. "'ఆ తర్వాత అందరూ కలిసి సెక్రటరీ అమ్మాయికి క్షమాపణ చెప్పారు. ఆమె దాచినవి మేనల్లుడు రాసిన ప్రేమలేఖలు. వాళ్ళిద్దరికీ ఆ వేసవిలోనే పెళ్ళయింది. దారిలో లారీలేవీ రాలేదు.'" చదివి, పాపం తీరిన మొహంతో పుస్తకం దించింది.

"నాకోసారి ఇవ్వండే," అంది పెద్దమ్మ.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుంది. సరిచెయ్యబోయిన పిల్ల చెయ్యి ఎవరో లాగేశారు. ఆవిడ వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు చదివింది.

"'ఆవిణ్ణి తీసుకెళ్ళిపోయారు. ఇంట్లోవాళ్ళంతా హాల్లోనే కూర్చుని ఉన్నారు. చీకటి పడింది. టీ ఇంకా రాలేదేమిటని ఎదురుచూస్తున్నారు.'"

కిటికీ దగ్గర ఒకామె ముక్కు చీదుకుంది. మేస్త్రీ గుమ్మంలోంచి వచ్చి, చేతిలో ఖాళీ టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు నిలబడి, తనే తీసుకెళ్ళి కడుక్కున్నాడు. సూదులు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి.

సాయంత్రం మెట్ల దగ్గర చదువులక్క పిన్నిని ఆపింది. "అందరిముందూ చెప్పేస్తే స్టూలు నీదే అయ్యేదిగా పిన్నీ. ఎందుకు చెప్పలేదు?"

"నేనెక్కితే ఉన్నదున్నట్టు చదవాలి. ఉన్నదున్నట్టు చదివితే ఈ లారీ డ్రైవర్లతో మనం వేగగలమా?" పిన్ని చెప్పులు వేసుకుని రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. "అబద్ధం ఆడితే ఆడావు గానీ, మధ్యమధ్యలో పేజీలు తిప్పవే తల్లీ. పొద్దున్నించీ అదే పేజీ మీద కూర్చున్నావ్. ఎవరైనా చూస్తారేమోనని భయంతో నా కాలర్లన్నీ వంకరపోయాయి."